కెమెరా పరికరాలూ రోబో పరికరాలూ: కడిగినామె మాట

నేను నాలుగో తరగతి వరకు చదువుకున్నాను. ఐదో తరగతికి పోవాల్సిన ఏడు ఇంట్లో బర్రె ఈనింది, నువ్వు ఇంటికాడ ఉండు అన్నాడు మా నాయన. ఉన్నాను. కాబట్టి ఇందులో రాత తప్పులుంటే మీరే దిద్దుకోండి. విషయంలో తప్పులుండవు. ముప్పై ఏళ్ళకు పైగా ఆపరేషన్ థియేటర్ల వెనక గదిలో పరికరాలు కడిగినాను, మొదట నంద్యాలలో, ఆ తర్వాత హైదరాబాదులో. ఇప్పుడు ఆళ్ళగడ్డలో ఉంటున్నాను.

మొన్న నంద్యాల ఆస్పత్రిలో ఈ పనికి కొత్తగా చేరిన ఆడపిల్లలు ఇద్దరు మా ఇంటికి వచ్చినారు. "అవ్వా, క్లోమంలో గడ్డకు రోబో ఆపరేషన్ మంచిదా, కెమెరా ఆపరేషన్ మంచిదా? చుట్టాలు మమ్మల్ని అడుగుతాండారు. ఏం చెప్పాల?" అన్నారు. ఆస్పత్రిలో నేల తుడిచినా సరే, చుట్టాలకు మనం డాక్టర్లమే. వాళ్ళకు చెరి సగం గ్లాసు మజ్జిగ ఇచ్చి చెప్పినాను. విన్నంతసేపు ఫోను చూసుకున్నారు. అందుకని రాస్తున్నాను.

పని ఏంది

ఆపరేషన్ అయినాక రోగి వార్డుకు పోతాడు, డాక్టరు టీకి పోతాడు, పరికరాలు మన దగ్గరికి వస్తాయి. నెత్తురు ఎండకముందే నీళ్ళల్లో వేయాల. విడదీయాల. సందుల్లో బ్రష్షు పెట్టాల. ఆరబెట్టి, భూతద్దంలో చూసి, గుడ్డలో చుట్టి, ఆవిరి మిషన్లో పెట్టాల. రోగి మన మొహం చూడడు, మనం రోగి మొహం చూడం. పండక్కి స్వీటు డబ్బాలు డాక్టర్లకూ నర్సులకూ వస్తాయి. అవి కావాల్సినోళ్ళు నర్సు చదవండి.

పైవాళ్ళు చాలామంది మారినారు. ఎన్ని ట్రేలు అయినాయి అని అడిగినోళ్ళే గానీ గొట్టం లోపల చూసినోళ్ళు తక్కువ. నంద్యాలలో సరోజమ్మ సిస్టరు చూసేది. కడిగిన గొట్టంలోకి తెల్ల గుడ్డ పేలిక దూర్చి ఇటు నుంచి లాగేది. పేలికకు రంగు అంటితే ఒక్క మాట కూడా అనకుండా ట్రే మొత్తం తిరిగి తొట్టిలో వేసేది. అప్పుడు నాకు ఆమె మీద కోపం. ఇప్పుడు లేదు.

ఇనుప పీచు

నంద్యాలలో మా ఆస్పత్రిలో కెమెరా ఆపరేషన్లు మొదలుపెట్టింది శేషు డాక్టరు. ల్యాప్రోస్కోపీ అని వాళ్ళు అంటారు. కడుపుకు చిన్న బొక్కలు నాలుగు పెట్టి, ఒకదాంట్లో కెమెరా, మిగతావాటిలో పొడుగు పరికరాలు దూర్చి, టీవీలో చూసుకుంటూ చేస్తారు. పరికరం మూరెడు పొడుగు, చిటికెన వేలు కన్నా సన్నం. కొస ఇనుము. కాడంతా నల్లటి తొడుగు. నెత్తురు ఆపడానికి కొసలోకి కరెంటు పంపిస్తారు. అది కాడలో నుంచి పక్కలకు పోకుండా ఆపేది ఆ తొడుగు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

నా కంటికి అది మసి మాదిరి కనపడింది. గిన్నె నల్లగుంటే ఏం చేస్తాం? ఇంటి నుంచి ఇనుప పీచు తెచ్చుకున్నాను. బూడిద కూడా తెద్దామనుకున్నాను గానీ సిస్టరు ఒప్పుకోదని ఊరకున్నాను. మూడు వారాలు తోమినాను. నలుపు పూర్తిగా పోలేదు గానీ అక్కడక్కడ తెల్ల గీతలు పడినాయి. మురికి వదులుతాంది అనుకున్నాను.

అప్పుడు బేతంచెర్ల నుంచి ఒకామె పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకుంది. బండల పాలిష్ మిల్లులో పని చేసే మనిషి. మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఇంకో మూడు రోజులకు జ్వరంతో, ఉబ్బిన కడుపుతో జీపులో వచ్చింది. కోసి చూస్తే పేగుకు చిన్న బొక్క, దాని చుట్టూ కాలిన మచ్చ. బతికింది. నెల రోజులు మంచం మీద ఉంది.

శేషు డాక్టరు పరికరాలన్నీ లైటు కింద పరిచినాడు. ఒక కాడ మీద తొడుగు చీలి ఉంది.

"లక్షుమ్మా, ఇవి దేనితో కడుగుతాండావు?"

నా సంచిలో నుంచి పీచు తీసి బల్ల మీద పెట్టినాను. ఆయన పీచును చూసినాడు, నన్ను చూసినాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పినాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "కొసను చూసుకున్నా గానీ కాడను చూసుకోలేదు. నేను కూడా చూసుకోవాల్సింది" అన్నాడు. ఆయమ్మ మొగుడిని పిలిచి పరికరం తొడుగు దెబ్బతిన్నది, దాని వల్ల అయింది అని దాచకుండా చెప్పినాడు. నేను పని మానేస్తానని సరోజమ్మ సిస్టరుకు చెప్పినాను. "రేపు పొద్దున్నే రా. నువ్వు పోతే వచ్చే కొత్తామె కూడా ఇట్లనే తోముతుంది" అన్నది సిస్టరు.

నేను వార్డుకు పోయి ఆ బేతంచెర్ల ఆయమ్మ మంచం దగ్గర నిలబడి, నేను తోమినందుకే ఇట్ల అయింది అని చెప్పినాను. "నువ్వెవరు?" అన్నది. ఎవరో చెప్పినాను. దేనితో తోమినానో కూడా చెప్పినాను.

"నేనూ ఇంట్లో అట్లనే తోముతా" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

దాన్ని మన్నించడం కింద లెక్కేసుకోలేదు నేను. మీరు కూడా వేయొద్దు. ఒక వస్తువు ఎందుకు నల్లగుందో తెలుసుకోకుండా దాన్ని తెల్లగా చేయబోవద్దు. ఈ పనిలో నేను నేర్చుకున్న పాఠాల్లో పెద్దది ఇదే, ఖర్చు మాత్రం ఇంకొకామె పెట్టుకుంది.

రోబో

తర్వాత శేషు డాక్టరు హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రికి పోయినాడు. క్లోమం మీద ఆపరేషన్లు ఆయన పని అయింది. క్లోమం కడుపు సంచి వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది. దానికి తల, నడుము, తోక అని పేర్లు. తలలో గడ్డ అయితే చాలా కోయాల, తిరిగి పేగుకు అతకాల. తోకలో గడ్డ అయితే తోక కోసి తీసేస్తారు, అతికే పని లేదు. కానీ తోక పక్కనే ప్లీహం ఉంటుంది, ప్లీహానికి పోయే నెత్తురు నాళాలు తోకను అంటుకునే పోతాయి. కష్టమంతా ఆడనే.

ఆ ఆస్పత్రిలో పరికరాలు కడిగే గదికి మనిషి కావాల్సి వస్తే ఆయన నన్ను పిలిపించినాడు. "పీచు తేవొద్దు" అన్నాడు. నా మొగుడు అప్పటికే చనిపోయినాడు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. పోయినాను.

కొన్నేళ్ళకు ఆ ఆస్పత్రికి రోబో వచ్చింది. మొదటి రోజు పూలదండ వేసి కొబ్బరికాయ కొట్టినారు. మనిషి మాదిరి ఏదో నడుచుకుంటూ వస్తుందేమో అనుకుని చూసినాను. నాలుగు చేతుల స్తంభం ఒకటి, మూలన ఒక పెట్టె. డాక్టరు చెప్పులు విడిచి, ఆ పెట్టెలో మొహం పెట్టుకుని కూర్చుని వేళ్ళు ఆడిస్తాడు. ఆయన ఆడించినట్ల రోగి కడుపులో పరికరం ఆడుతుంది. దాని అంతట అది ఒక కుట్టు కూడా వేయదు.

కడిగే దానికి తేడా చెప్తాను, డాక్టర్లు ఇది చెప్పరు. కెమెరా పరికరం నిటారు కట్టె, మూడు ముక్కలుగా ఊడుతుంది, లోపల కంటికి కనపడుతుంది. రోబో పరికరానికి కొసలో మణికట్టు ఉంటుంది, ఎటంటే అటు తిరుగుతుంది. దాన్ని తిప్పే తీగలు దారాల మాదిరి కాడ లోపల పోతాయి. అది ఊడదు. ఒక బొక్కలో నుంచి నీళ్ళు వేగంగా కొట్టి, ఇంకో పక్క తేట నీళ్ళు వచ్చేదాకా ఆగాల. తొందరపడితే లోపల మిగిలింది రేపు ఇంకొకరి కడుపులో కారుతుంది.

ఇంకో సంగతి. రోబో పరికరం తనను ఎన్నిసార్లు వాడినారో తానే గుర్తు పెట్టుకుంటుంది. ఇన్నిసార్లే అని పెట్టిన లెక్క అయిపోతే మిషను దాన్ని తీసుకోదు. చూపుకు కొత్తది, కొస గట్టిగుంటుంది, అయినా చెత్తలోకే. మా ఇంట్లో మా అమ్మ కాలం నాటి పట్టకారు ఇంకా పట్టుకుంటాంది. మొదటిసారి అట్ల పారేస్తుంటే నేను అడ్డం పడినాను, సూపర్‌వైజరు నన్ను రెండు చేతులా పక్కకు జరిపినాడు.

డాక్టరు వైపు నుంచి తేడా ఇట్ల ఉంటుంది. కెమెరా ఆపరేషన్లో కెమెరాను ఇంకొకరు పట్టుకోవాల, వాళ్ళ చేయి నొప్పి పుడితే టీవీ ఊగుతుంది, డాక్టరు అరుస్తాడు. రోబోలో కెమెరా ఊగదు, బొమ్మ లోతుగా కనపడుతుంది, సందుల్లో కుట్టడం సులువు. కానీ చేతికి స్పర్శ తెలియదు, దారం ఎంత బిగుస్తాందో కంటితోనే కనిపెట్టాల. టైము ఎక్కువ. మధ్యలో కడుపు తెరవాల్సి వచ్చేది రోబోలో తక్కువ అని డాక్టర్లు అంటారు, నేనూ అట్లనే చూసినాను. తోక కోసిన చోట నుంచి క్లోమం రసం కారడం మాత్రం రెండింటిలోనూ ఉంది. దానికి రోబో అయితే ఏంది, కట్టె అయితే ఏంది.

మా తమ్ముడి గడ్డ

రోబో వచ్చిన కొత్తలోనే మా తమ్ముడు ఓబులేసుకు తోకలో గడ్డ బయటపడింది. ఆళ్ళగడ్డలో సేద్యం చేసుకునే మనిషి, నాకన్నా ఆరేండ్లు చిన్న. వెన్నునొప్పి అని స్కానింగు తీయిస్తే కనపడింది. నిదానంగా పెరిగే రకం, ఇప్పుడే తీసేస్తే మేలు, ఆలస్యమైతే కాలేయానికి పాకుతుంది అన్నారు. తనూ, భార్య నారాయణమ్మా హైదరాబాదుకు వచ్చినారు.

వాడు వచ్చేటప్పటికే తీర్మానం చేసుకుని వచ్చినాడు. "అక్కా, నాకు రోబోనే కావాల. మనిషి చేయి వణుకుతాదంట. మిషను చేయి వణకదంట."

"ఎవరు చెప్పినారు?"

"టీ అంగట్లో అందరూ అంటాండారు."

"ఆ మిషను చేతిని ఆడించేది కూడా మనిషేరా. పెట్టెలో మొహం పెట్టుకుని కూర్చుంటాడు."

"మరి మిషను యాలా?"

"చేయి తిరగని చోట తిరగడానికి."

"నా క్లోమం యాడుందో నాకే తెలీదు. ఆడ చేయి తిరుగుతాదో లేదో నీకెట్ల తెలుసు?"

వాడి మాటలో న్యాయం ఉంది. నేను శేషు డాక్టరు గదికి పోయినాను. నా చేతిలో పొడి గుడ్డ ఉంది, దాన్ని మడత పెట్టుకుంటూ అడిగినాను.

"సారూ, ఈ తోక గడ్డలు రోబోతో మీరు ఎన్ని చేసినారు?"

ఆయన దాచే మనిషి కాదని ముందే చెప్పినాను. "వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు లక్షుమ్మా. బాగానే అయినాయి. నేర్చుకుంటాండా."

"కెమెరాతో?"

"అవి లెక్క మర్చిపోయినా. పదేళ్ళ నుంచి చేస్తాండా కదా." స్కానింగు కాగితం చేతికి తీసుకుని, "రెండూ చేయొచ్చు. ఓబులేసు ఏదంటే అది" అన్నాడు.

వచ్చి వాడికి చెప్పినాను. ఈ డాక్టరు చేయి కెమెరా పరికరాల మీద తిరిగింది, రోబో మీద ఇంకా తిరగాల, కెమెరాతోనే చేయించుకో అన్నాను. నారాయణమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, నాకు వినపడేంత గట్టిగానే అన్నది:

"వాడిన టీపొడిని ఎండబెట్టి మళ్ళా ఉడకేసే మనిషిని అడిగితే, ఖరీదుది చేయించుకో అంటాదా?"

నేను టీపొడి ఎండబెడతాను. నిజమే. పొదుపుగా బతికినందుకు నాకు సిగ్గు లేదు. కానీ ఆ రోజు తెలిసింది, అది నా మాట విలువ తగ్గించిందని. ఇంకెవరన్నా ఈ మాటే చెప్పి ఉంటే వాళ్ళు అనుమానించకుండా వినేవాళ్ళు.

"ఖర్చు చూసి చెప్పలేదు నారాయణమ్మా."

"నేనేమంటి వదినా? ఏమీ అనలేదే."

ఓబులేసు స్కానింగు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "సరే అక్కా. నీ మాటే. తేడా వస్తే మాత్రం నిన్నే అడుగుతా."

"బతికుంటే అడుగు" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోటికి వచ్చేసింది.

ఆ పొద్దు

సొంత మనిషి ఆపరేషన్ రోజు సెలవు తీసుకోవాల, లేకుంటే వేరే పరికరాలు కడగాల అని రూలు ఏదీ లేదు. ఉండాల. అప్పుడు లేదు కాబట్టి వాడి ట్రే నేనే సర్దినాను. ప్రతి కాడనూ భూతద్దం కింద నిదానంగా తిప్పి చూసినాను. నెత్తురు నాళాల పక్కన వాడే కొక్కెం ఒకటి ఉంటుంది. దాని తొడుగు మీద, కొస దగ్గర, వెంట్రుక పాటి గీత. మామూలు రోజైతే ఇంకో వారం నడుస్తుంది అనేవాళ్ళు. నేను కూడా అనేదాన్నేమో. తొడుగు పరీక్ష చేసే మిషను పెడితే, కరెంటు బయటికి పోతాందని కూత పెట్టింది.

ఇంకొక కొక్కెం ఆవిరి మిషన్లో ఉంది, బయటికి రావడానికి ముప్పావు గంట పడుతుంది. లోపల ఓబులేసును బల్ల మీద పడుకోబెట్టినారు, మత్తు ఇంకా ఇవ్వలేదు. నేను థియేటరు కిటికీ దగ్గరికి పోయి ఆగమన్నాను. మత్తు డాక్టరు గడియారం చూసుకున్నాడు. శేషు డాక్టరు నా చేతిలో కొక్కెం చూసి, "ఆగుదాం" అన్నాడు. ముప్పావు గంటా నా తమ్ముడు ఆ బల్ల మీద పైకప్పు చూస్తా పడుకున్నాడు. పాతదాన్ని నా చేత్తోనే చెత్తలో వేసినాను. నా జన్మలో నేను పారేసిన పనికొచ్చే వస్తువు అదొక్కటే.

మూడో గంటలో ప్లీహం నాళం చినిగింది. కొక్కెం వల్ల కాదు. గడ్డ నాళానికి అతుక్కుని ఉంది, విడదీస్తుంటే చినిగింది. టీవీ అంతా ఎర్రగా అయిపోయిందంట. శేషు డాక్టరు రెండు నిమిషాలు చూసి కడుపు తెరిచినాడు. కోసే కత్తుల పెద్ద ట్రే కావాలని మా గదికి ఫోను వచ్చినప్పుడు నాకు తెలిసింది. ఆ ట్రే నేనే తీసుకుపోయి తలుపు దగ్గర ఇచ్చినాను. చేతులు వణకలేదు. వణికితే కింద పడుతుంది, మళ్ళా కడగాల.

గడ్డ మొత్తం వచ్చింది. ప్లీహం కూడా తీసేయాల్సి వచ్చింది. కడుపు మీద జానెడుకు పైగా కోత. ఆ తర్వాత రసం కారింది, మూడు వారాలు గొట్టం పెట్టుకుని తిరిగినాడు.

"నాలుగు బొక్కలంటివి వదినా" అన్నది నారాయణమ్మ.

"అన్నాను" అన్నాను.

డాక్టరును అడిగినాను. రోబోతో చేసి ఉంటే కోయకుండా అయ్యేదా అని.

"అయ్యుండొచ్చు. నేను ఇంకా ఆలస్యంగా తెరిచి ఉండొచ్చు కూడా. తెలీదు లక్షుమ్మా."

ఈ మాట ఒక్క అక్షరం మార్చకుండా ఓబులేసుకు చెప్పినాను. వాడు గొట్టం సంచిని చూసుకుంటూ, "తెలీదంటనా" అన్నాడు. ఆ తర్వాత ఆళ్ళగడ్డలో పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ చొక్కా ఎత్తి చూపించి, "మా అక్క పొదుపు" అని చెప్పుకున్నాడు. నేను పక్కన ఉన్నా చెప్పినాడు.

ప్యాపిలి ఆయమ్మ

శేషు డాక్టరు ఇప్పుడు నెలకొకసారి నంద్యాలకు వచ్చి రోగులను చూస్తాడు. నేను పని మానేసి ఆళ్ళగడ్డకు వచ్చినాక ఓబులేసును పరీక్షలకు నేనే పిలుచుకుపోతున్నాను. నాలుగేండ్లు దాటింది, గడ్డ తిరిగి రాలేదు. మొన్న స్కానింగు కాగితం పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ప్యాపిలి నుంచి వచ్చిన ఒకామె, కూతురితో. ఆయమ్మకూ తోకలోనే గడ్డ. హైదరాబాదులో చేయించుకోవాల, రోబోనా కెమెరానా అని కూతురితో వాదులాడుతాంది.

ఓబులేసు ఊరకుండే మనిషి కాదు. చొక్కా ఎత్తినాడు.

"చూడమ్మా. కెమెరా అన్నారు, ఇట్ల తెరిచినారు. మా అక్క ఆ ఆస్పత్రిలోనే పని చేసింది. అడుగు. చెప్పినాక ఆమెను మాత్రం తిట్టొద్దు, ఆ హక్కు నాది."

ఆయమ్మ నా వైపు తిరిగింది. నేను ఆపరేషన్ సంగతి అడగలేదు, డాక్టరు ఎవరని అడిగినాను. ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. ఆ డాక్టరమ్మ మా తమ్ముడి ఆపరేషన్ అయిన తర్వాత మా హైదరాబాదు ఆస్పత్రికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి రోబోతోనే చేస్తాంది. మూడేండ్లు ఆమె పరికరాలు నేను కడిగినాను. కడిగేవాళ్ళకు డాక్టరు చేయి తెలుస్తుంది. తొందర మనిషి పరికరాల కొసలు మెలికపడి వస్తాయి, సందుల్లో మాడిన కండ ఉంటుంది. ఆమెవి నేను ఒక్కసారి నీళ్ళు కొడితే తేటగా వచ్చేవి.

"రోబోతో చేయించుకో" అన్నాను. "మధ్యలో కడుపు తెరిస్తే మాత్రం ఆశ్చర్యపోవద్దు. రసం కారితే గొట్టం పెడతారు, ఓర్చుకో."

ఓబులేసు ఎత్తిన చొక్కా దించలేదు.

"ఏందక్కా? నాకేమో కెమెరానా, ఆయమ్మకేమో రోబోనా?"

"ఆయమ్మ డాక్టరు వేరప్పా."

"ఆ డాక్టరమ్మ అప్పుడుంటే?"

"ఉంటే నీకూ అదే చెప్పేదాన్ని."

"దుడ్లు ఎక్కువైనా?"

"అయినా."

వాడు చొక్కా దించుకున్నాడు. శేషు డాక్టరు కాగితం చూసి, ఇంకో ఏడాదికి రా అన్నాడు. బస్సులో ఓబులేసు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆళ్ళగడ్డ బస్టాండులో దిగినప్పుడు, నంద్యాలలో కొన్న ఉల్లిగడ్డల సంచి నా చేతిలో నుంచి లాక్కున్నాడు. పెద్ద కోత పడినోడు బరువు ఎత్తకూడదు. నాలుగేండ్లు దాటింది కాబట్టి ఇచ్చినాను.